నిద్రపోయే గింజలు

ముప్పై ఆరో పంట, 3వ రోజు

తెల్ల మొక్కజొన్న అర. నాలుగు సాళ్ళు, సాలుకు ఇరవై ఆరు గింజలు, మొత్తం నూట నాలుగు. తేమ సరిపోయింది. పై ఎండను కిందికి దింపే అద్దాల బావి నుంచి వెలుగు ఆరు గంటలు.

ఈ పుస్తకంలో ఇంతకు మించి రాయకూడదని రూలు పెట్టింది నేనే. ఇది విత్తనాల పుస్తకం, ఇళ్ళ గొడవలు రాసుకునే చోటు కాదు. నాకు ముందు ఈ అర చూసిన ముసలాయన తన మోకాళ్ళ నొప్పుల గురించి పేజీలకు పేజీలు రాశాడు, ఏ మొక్కను ఏ మొక్కతో కలిపాడో రాయడం మాత్రం మరిచిపోయాడు. ఆయన్ని తిట్టుకుంటూ, నా పంటలను ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ పన్నెండేళ్ళు పని చేశాను. ఇవాళ నేనూ అదే దారి పట్టాను, ఎందుకంటే పొద్దున సుగుణ వచ్చింది.

సుగుణ నా చెల్లెలి కూతురు. పెళ్ళికి ముందు ఇక్కడే నా దగ్గర పని నేర్చుకుంది. చంకలో చిన్నోడు, వేలు పట్టుకుని మైసి. చిన్నోడు పుట్టి ఇంకా ఒక్క పంటకాలం నిండలేదు. మైసికి ఏడు పంటలు. ఏడాదికి మూడు పంటలు తీస్తాం కాబట్టి ఈ ఏడో మట్టంలో వయసులు పంటల్లోనే చెప్పుకుంటాం. పైన ఎండలకు తాళలేక బొగ్గు తవ్విన గనిలోకి దిగిన రోజు నుంచీ ఇదే లెక్క.

మైసికి దీపం బల్ల అంటే ప్రాణం. అద్దపు పలక కింద దీపం పెట్టి, పైన గింజలు పరిచి చూసే బల్ల అది. మామూలు పసుపు మొక్కజొన్న గింజలోంచి వెలుగు నేరుగా వచ్చేస్తుంది. నా తెల్ల గింజలో మాత్రం కొంత మేర నీడ ఉంటుంది. వెలుగు వచ్చే గింజలను మైసి "లేచినయ్" అంటుంది. నీడ ఉన్నవాటిని "పండుకున్నయ్" అని, సద్దు చేయొద్దని నాకు వేలు చూపిస్తుంది. ఇవాళ మాత్రం బల్ల దగ్గరికి రాలేదు. తల్లి కాళ్ళను ఆనుకుని కూర్చుంది. పిలిస్తే చూసింది కానీ లేవలేదు.

పాలు మాన్పించి మూడు నెలలు దాటింది. చిన్నోడు పుట్టాక మాన్పించక తప్పదు కదా.

ముప్పై ఆరో పంట, 17వ రోజు

మొలిచినవి తొంభై తొమ్మిది.

సుగుణ ఇంటికి నేనే వెళ్ళాను. మైసి పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట పడింది. వేలు తీశాక పది లెక్కపెట్టేదాకా పూడలేదు. జుట్టు కుదుళ్ళ దగ్గర రాగి రంగుకు తిరిగింది. ఉబ్బు మొదలైంది. పోయిన ఏడాది ఈ మట్టంలో పదకొండు మంది పిల్లలు ఇలాగే పోయారు, అందరూ పాలు మానినవాళ్ళే. పప్పుగింజలన్నీ తెగులుకు పోయాయి, నేను పుట్టకముందే. పాడి ఇక్కడికి ఎన్నడూ దిగలేదు. మిగిలింది మొక్కజొన్న ఒక్కటే. అది కడుపు నింపుతుంది కానీ ఒంటికి పట్టదు. పసిపిల్లల ఒళ్ళు కట్టే సారం అందులో లేదు.

నా తెల్ల దానిలో ఉంది. విత్తనాల డబ్బాలో దొరికినప్పుడు అది సుద్దముక్కలాగా పొడైపోయేది, సగం పురుగు తినేది, సగం బూజు పట్టేది. ఆ సారం పోకుండా గింజను గట్టిపరచడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. అసలు నీడే లేని గింజ గట్టిదే కానీ సారం లేనిది. మొత్తం నీడైన గింజ సారం ఉన్నదే కానీ నిల్వకు ఆగదు. పావు వంతు నీడ ఉండి, తక్కిన ముప్పావు మెరిసే గింజ కావాలి. అదే ఇప్పుడు నా దగ్గర ఉంది. రెండు శేర్ల పిండి సంచిలో పోసుకుని పట్టుకెళ్ళాను.

గడపకు పసుపు రాస్తోంది సుగుణ అత్త లస్మవ్వ. పసుపంటే మాకు మొక్కజొన్న పుప్పొడే. పూర్వం అదొక కొమ్ము అట, నేను చూడలేదు. మొక్క తలమీది జల్లు దులిపి పట్టిన పుప్పొడినే గడపకు, పెళ్ళికి, పురిటికి, చావుకు వాడతాం.

"ఒదినె, గీ పిండితోని రోజుకు రెండు పూటలు గటక కాచి పెట్టు. నెల తిరిగేసరికి ఉబ్బు దిగుతది" అన్నాను.

లస్మవ్వ సంచి వైపు చూడనైనా లేదు. "పానం ఉన్న పిల్లకు పీనుగ మక్కలు పెడ్తరా ఒదినె? సోయి ఉండే మాట్లాడుతున్నవా?"

"పసుపు పిండిల కలిపి పెట్టు. రంగు గూడ కనవడది."

"ఒక్క బుక్క కలిసినా కుండంత మైలే. నువ్వు తింటున్నవంటే నీ ఇష్టం. నీ ఎనక ఏడ్చేటోళ్ళు ఎవ్వరు లేరు."

ఆ మాటకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆమె చెప్పింది ఈ మట్టంలో అందరి మాటే. తెల్ల గింజ ఇక్కడ చచ్చినవాళ్ళ తిండి. మనిషి పోయిన మూడో రోజు తెల్ల గటక కాచి గాలిబావి అడుగున పెడతారు. పైన ఉన్న రోజుల్లో పిట్టలకు పెట్టేవారట. ఇక్కడ పిట్టలు లేవు. పైనుంచి గాలి దిగి గిన్నె మీద కప్పిన ఆకు కదిలితే, పోయినవాళ్ళు తిన్నట్టే. అందరికీ ధైర్యం రావాలని మూడేళ్ళుగా నేను నలుగురిలో కూర్చుని తెల్ల గటక తింటున్నాను. ఎవరికీ ధైర్యం రాలేదు. నా గిన్నెను మాత్రం విడిగా కడుగుతున్నారు.

సంచి తిరిగి తెచ్చుకున్నాను.

ముప్పై ఆరో పంట, 29వ రోజు

మోకాలి ఎత్తు. రెండో సాలులో ఆకుమచ్చ, మూడు మొక్కలు పీకేశాను.

సుగుణ ఒక్కతే వచ్చింది. చాలాసేపు సాళ్ళ మధ్య నడిచి, పాత అలవాటుకొద్దీ ఒక ఆకును నిమిరి, అప్పుడు అడిగింది.

"దీన్ని పసుపు రంగుకు తెద్దామంటే ఎందుకు తేవు పెద్దమ్మా? పసుపు దాంతోని ఒక్కసారి కలిపితే అయిపాయె గదా."

"ఒక్కసారి కలిపితే ఏమైతదో నీకెర్కలేదా? నేనే గదా నేర్పిన. నీడ మాయమైతది. దాని పిల్లల్ల నాలుగింట ఒక్కదానికి తిరిగొస్తది. వచ్చినా గట్టిగుండది, మళ్ళ సుద్దే. పన్నెండేండ్ల పని బుగ్గిపాలు."

"సుద్దయితే ఏమాయె? పురుగు పట్టక ముందే దంచుకుంటం."

"సుద్ద గింజ శానా దినాలు నిల్వ ఉండది. మట్టం మొత్తానికి తిండి కావాలె, నీ ఒక్క ఇంటికి కాదు."

నేనే ఇంకో మాట అన్నాను. రాయాల్సిందే కాబట్టి రాస్తున్నాను. "రంగుకోసం ఏడ్చేటోళ్ళకు ఆకలే నేర్పుతది బిడ్డా" అన్నాను.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాన్ని నేను. అది నాకు తెలుసు. తెలిసీ అన్నాను.

ముప్పై ఆరో పంట, 47వ రోజు

మొదటి సాలులో జల్లులు తొంగి చూస్తున్నాయి. ఇంకో వారంలో కంకుల కొసన పీచు వస్తుంది. బయటి పుప్పొడి పడకుండా కంకులకు తొడిగే సంచులు ఉతికి ఆరేశాను.

మధ్యాహ్నం సుగుణ వచ్చి తెల్ల పిండి ఇమ్మంది. అత్తకు తెలియకుండా ఇక్కడే నా పొయ్యి మీద కాచింది. మైసి ముఖం గుండ్రంగా ఉబ్బిపోయి కళ్ళు సన్నబడ్డాయి. చేతుల మీద చర్మం పొరలుగా లేస్తోంది. ముట్టుకుంటే ఏడవడం లేదు. దానికే నాకు భయం వేసింది. ఏడ్చే పిల్లకు ఇంకా ఏదో కావాలని ఉంటుంది.

మొదటి బుక్క నోట్లోనే ఉంచుకుంది. మింగలేదు. రెండోది బయటికి తోసేసింది. సుగుణ వేలితో తుడిచి మళ్ళీ పెట్టింది. "తిను తల్లీ, జర మింగు, మా అమ్మ గదా." గంటసేపు అలాగే కూర్చుంది. గటక చల్లారి గట్టిపడింది.

పది రోజుల కిందైతే తినేదేమో. ఇరవై రోజుల కిందైతే తప్పకుండా తినేది. పిల్లను ఎత్తుకుని దీపం బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. దీపం పెట్టి గుప్పెడు తెల్ల గింజలు పరిచాను. చాలాసేపు చూసింది. తర్వాత వేలు పెదవుల మీద పెట్టుకుంది.

ముప్పై ఆరో పంట, 56వ రోజు

రెండో సాలు, తొమ్మిది కంకులకు పుప్పొడి పట్టించాను. మధ్యాహ్నంలోపే ముగిసింది. అన్నిటికీ తెల్ల జల్లుల పుప్పొడే.

మైసి పోయింది. తెల్లవారుజామున పోయిందట, వెలుగు రాగానే కబురొచ్చింది.

చావుకు డబ్బీలో నిల్వ ఉన్న పసుపు పనికిరాదు, అప్పుడే దులిపిన పచ్చి పసుపే కావాలి. మైసి తండ్రి ఓదెలు అద్దాల బావిలో అద్దాలు తుడుస్తాడు. పైకి ఎక్కీ ఎక్కీ ఎండకు వాడి చేతులు నల్లగా మాడిపోయాయి. వాడే పసుపు మక్క పండే మూడో అరలోకి వెళ్ళి జల్లు దులిపి తెచ్చాడు. ఆడవాళ్ళందరం పాదాలకు, నుదుటికి పెట్టాం. పాదం ఎంత ఉబ్బిందంటే చిటికెడు సరిపోలేదు. సుగుణ రెండు చేతులతోనూ తీసి రాసింది. రాసి రాసి, ఇక రాయడానికి చోటు లేక, నా తల పట్టుకుని ఏడ్చింది. "పెద్దమ్మా, పదిసార్లు అడిగితిని గదనే. పదిసార్లు అడిగితిని."

మూడో అర చివర మట్టిలో పెట్టారు. ఉబ్బినా బరువు లేదు, ఓదెలు ఒక్కచేత్తోనే దించాడు.

అక్కడినుంచి నేరుగా ఇక్కడికి వచ్చాను. పీచు మనిషి చావు కోసం ఆగదు, పుప్పొడి సాయంత్రం దాకా కూడా బతకదు. ఈ రోజు తప్పితే ఆ కంకులు పోయినట్టే. చేతులు కడుక్కుని, కోటు మార్చుకుని లోపలికి వెళ్ళాను. కళ్ళలో నీళ్ళు ఆగక ఒక్కో కంకి మీదకీ బాగా వంగి చూడాల్సి వచ్చింది.

ముప్పై ఆరో పంట, 59వ రోజు

పుప్పొడి పట్టిన కంకులు మొత్తం డెబ్బై ఒకటి.

లస్మవ్వ వచ్చింది. తలుపు బయట నిలబడింది, లోపలికి రాలేదు. చేతిలో ఖాళీ గిన్నె.

"ఒదినె, ఇయ్యాల మూడొద్దులు. పిల్లకు పెట్టాలె. తెల్ల పిండి నీ దగ్గరనే ఉంటది."

ఏం అనాలో అన్నీ నా నోటిదాకా వచ్చాయి. ఆ రోజు సంచి తీసుకుని ఉంటే, ఒక్క పూట పెట్టి ఉంటే, నీ మైల మండిపోను. ఆమె గిన్నెను ముందుకు చాపింది. ఆ గిన్నె మైసిది, అంచున దాని పళ్ళ గాట్లు ఉన్నాయి. పిండి పోసి ఇచ్చాను.

గాలిబావి దగ్గరికి నేనూ వెళ్ళాను. గటక మీద ఆకు కప్పి అందరం దూరంగా నిలబడ్డాం. మామూలుగా అరగంట పడుతుంది. ఒక్కోసారి సాయంత్రం దాకా ఆకు కదలదు, అప్పుడు పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. మైసికి పెట్టగానే గాలి దిగింది. ఆకు ఎగిరి అవతల పడింది.

"ఆకలిమీదున్నది బిడ్డ" అంది లస్మవ్వ. అని కూలబడిపోయింది. సుగుణా నేనూ చెరో రెక్క పట్టుకుని లేపాం.

ముప్పై ఆరో పంట, 80వ రోజు

గింజ పాలు పోసుకుని గట్టిపడుతోంది.

సుగుణ మళ్ళీ ఇక్కడ పనికి వస్తోంది. చిన్నోడిని చాప మీద పడుకోబెట్టి కలుపు తీస్తుంది. చావు జరిగిన ఇంట్లో మైల పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ పెద్దవాళ్ళు తెల్ల గటక తినొచ్చు, తప్పు లేదు. పిల్లలకు మైల లేదు కాబట్టి వాళ్ళకు పెట్టరు. పన్నెండో రోజు అందరూ తలంటు పోసుకుని మైల విడిచారు. సుగుణ పోసుకోలేదు. ఇరవై నాలుగు రోజులైంది, ఇంకా పోసుకోలేదు. జుట్టు జడలు కడుతోంది. రోజూ నా పొయ్యి మీద తెల్ల గటక కాచుకుని కడుపునిండా తింటోంది.

మొదట దుఃఖమనుకున్నాను. నిన్న చిన్నోడికి పాలిస్తూ తనే చెప్పింది. "మైల ఇడిస్తే తిననియ్యరు పెద్దమ్మా. తినకపోతే పాలు నిలువయి. ఈడు ముద్ద ముట్టే దినం ఎంత ఎనక్కి పోతే అంత మంచిది."

పాలు నిలబడ్డాయి. పిల్లవాడి తొడలు గట్టిగా ఉన్నాయి. మట్టంలో ఆడవాళ్ళు సుగుణను చూసి ముఖం తిప్పుకుంటున్నారు, ఓదెలుతో కూడా మాట్లాడటం తగ్గించారు. లస్మవ్వకు అంతా అర్థమైందని నా అనుమానం. తలంటుకు నీళ్ళు కాచానని ఒక్కసారి కూడా కోడలితో అనలేదట.

అయినా తల్లి పాలు ఎన్నాళ్ళు చాలుతాయి? మహా అయితే ఇంకో పంట. ఆ తర్వాత వాడికీ అదే పసుపు గటక, వాడికీ అదే ఉబ్బు.

ముప్పై ఆరో పంట, 101వ రోజు

కంకులు కోశాం. డెబ్బై ఒకటికి డెబ్బై ఒకటీ వచ్చాయి. గింజ గట్టిది, నీడ పావు వంతు. నా పన్నెండేళ్ళలో ఇంత మంచి పంట రాలేదు.

రెండో సాలు తొమ్మిది కంకులూ సుగుణ ఒలిచింది. ఒలుస్తూ ఒలుస్తూ ఆగిపోయింది. పొట్టు తీసిన కంకిని నా ముందు పెట్టింది. తెల్లటి కంకి మీద అక్కడక్కడ పసుపు గింజలు. ఒకదాని మీద నాలుగు, ఒకదాని మీద పదకొండు. తొమ్మిదింటి మీదా కలిపి అరవై ఒకటి. మిగతా అరవై రెండు కంకుల మీద ఒక్కటి కూడా లేదు.

తెల్ల పీచు మీద పసుపు మొక్క పుప్పొడి పడితే ఆ గింజ పసుపుగా వస్తుంది. ఈ అరలోకి బయటి పుప్పొడి రాకుండా రెండు తలుపులు, తడిగుడ్డ తెరలు పెట్టించింది నేనే. ఎవరు తెచ్చారని కోపంగా పుస్తకం తిప్పాను. రెండో సాలు, తొమ్మిది కంకులు, యాభై ఆరో రోజు.

చేతులు కడుక్కున్నాను, కోటు మార్చుకున్నాను. తల కడుక్కోలేదు.

సుగుణకు చెప్పాను. "ఆ దినం నువ్వు నా తల పట్టుకొని ఏడ్చినవ్ బిడ్డా. నీ చేతుల పసుపు నా ఎంటికలల్ల ఉన్నది. వంగినప్పుడు పీచు మీద పడ్డది."

ఆమె కంకిని ఒళ్ళో పెట్టుకుంది. "అయితే ఇది మైసి పసుపా?"

"మైసికి పెట్టిన పసుపే."

బయటి పుప్పొడి పడ్డ గింజను ఒలిచి కాల్చేయాలన్నది నా రూలు. తలుపు మీద నా చేత్తోనే రాసి ఉంది. నేను పొయ్యి వైపు చూశానో లేదో నాకు తెలియదు కానీ, సుగుణ మాత్రం అరవై ఒక్క గింజలనూ ఒలిచి కొంగున ముడేసుకుంది. "మంటల ఎయ్యనియ్య. ఒక్కసారి మట్టిల పెట్టిన, సాలు" అంది.

నిజం చెప్పాలి కాబట్టి చెప్పాను. ఈ గింజల్లో సారం ఏమీ లేదు. దీపం మీద పెడితే నీడ ఉండదు. పిల్లాడికి పెట్టినా పాత పసుపు మక్క పెట్టినట్టే. "ఎర్కే. నువ్వే నేర్పినవ్ గదా" అంది. "దీని పిల్లల్ల నాలుగింట ఒక్కదానికి తిరిగొస్తది."

ముప్పై ఏడో పంట, 2వ రోజు

అరవై ఒక్క పసుపు గింజలు నాటాం. వేరే సాలు, వేరే గుర్తు.

పాత పేజీలు తిప్పాను. పద్దెనిమిదో పంట, నలభయ్యో రోజు, నా చేతిరాత: "సుగుణ పసుపు దానితో కలుపుదామంది. వద్దన్నాను. గట్టిదనం చెదురుతుంది." అంతే, ఒక్క ముక్క. అప్పటికి దానికి పెళ్ళి కాలేదు. నాతో పనిచేసే పిల్ల, తోచింది చెప్పింది. ఆ రోజు నేను సరేననుంటే పది పంటలు తిరిగేలోపే పసుపు రంగుదీ సారం ఉన్నదీ ఇంటింటికీ చేరేది. సుద్దగా ఉండేది, నిజమే. పురుగు పట్టేది. నెలకోసారి దంచుకునేవాళ్ళు. మైసి పుట్టేనాటికి అది ఈ మట్టంలో మామూలు తిండి అయి ఉండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాలినవి నా చేతులైతే ఇంత బాధ ఉండేది కాదు.

జనం మారాలని నేను, గింజ మారాలని జనం, ఎవరి పంతం వాళ్ళం పట్టుకుని కూర్చున్నాం. లస్మవ్వది మూఢత్వమని ఇన్నాళ్ళూ ఎంత తేలిగ్గా అనుకున్నాను. ఆమెకు ఆమె పసుపు ఎంతో నాకు నా గట్టి గింజ అంత. ఇద్దరం కలిసే ఆ పిల్లను పంపించాం.

ముప్పై ఏడో పంట, 57వ రోజు

పసుపు సాలులో మొలిచినవి యాభై ఏడు, కంకి వేసినవి యాభై మూడు. ఏ మొక్క పుప్పొడి ఆ మొక్క పీచుకే పట్టించాం.

లోపలికి వచ్చే ముందు సుగుణ తల తడిపి గుడ్డ కట్టుకోవాలన్నాను. మైల విడవకుండా తలంటు ఎట్లా అని సందేహపడింది. తలుపు బయట లస్మవ్వ చెంబుతో నిలబడి ఉంది.

"తలంటు కాదు పిల్లా, ఉత్త నీళ్ళే. వంగు" అంది. తనే నీళ్ళు పోసి, చిక్కుపడ్డ జుట్టును పాయలుగా విడదీసి కడిగింది. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు గూడ వంగు ఒదినె" అంది. వంగాను.

ముప్పై ఏడో పంట, 101వ రోజు

నాలుగు రోజులుగా దీపం బల్ల దగ్గరే ఉన్నాం. ఇవాళ ముగిసింది.

గింజలు పదిహేను వేల ఆరు వందల నలభై. నీడ ఉన్నవి మూడు వేల తొమ్మిది వందల పన్నెండు. నాలుగింట ఒకటి. వాటిలో తెల్లవి తీసేయగా పసుపు రంగులో ఉండి నీడ ఉన్నవి రెండు వేల తొమ్మిది వందల ముప్పై ఒకటి. చాలావరకు సుద్దే. నా తెల్లదానంత గట్టివి నలభై మించవు. పోయిన ఏడాదైతే వీటిని చెత్తలో పోసేదాన్ని.

మొదటిది చూసింది సుగుణ. పసుపు గింజ, కింద దీపం, మధ్యలో నీడ. నన్ను పిలవలేదు. పిలవడం లేదేమని తల తిప్పి చూస్తే, వేలు పెదవుల మీద పెట్టుకుని ఉంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"పండుకున్నది పెద్దమ్మా" అంది గుసగుసగా.

నేనూ ఏడ్చాను. బల్ల తడిస్తే గింజ పాడవుతుందని కూడా అనుకోలేదు.

వెయ్యి గింజలు విత్తనానికి. తక్కినవి దంచితే చిన్నోడికి నెల రోజులు వస్తాయి. తర్వాతి పంట దాకా తల్లి పాలే ఆధారం. సుగుణ ఇంకా మైల విడవనంది.

ముప్పై ఏడో పంట, 104వ రోజు

చిన్నోడు ముద్ద ముట్టే రోజు. మా దగ్గర అంతదాకా పిల్లలకు పేరు పెట్టరు. మొదటి బుక్క ఎవరు పెడితే పేరు వాళ్ళే పెట్టాలి.

గటక పసుపుగానే వచ్చింది. లస్మవ్వ గిన్నె తీసుకుని వాసన చూసింది, వేలితో కాస్త తీసి చూసింది. ఇది నా తెల్ల మొక్క కడుపున పుట్టిన గింజ అని ముందే చెప్పేశాను. దాచి పెట్టే పని ఇక నావల్ల కాదు.

"తెల్లదానికి పసుపు ఎట్ల వచ్చింది?" అంది.

"పసుపు పడ్డది ఒదినె. మైసికి పెట్టిన పసుపు. ఆ దినం నా తలల ఉండిపోయింది."

గిన్నెను వెలుగులోకి తిప్పి చూసింది. ఓదెలు గడప దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ఆమె వద్దంటే ఈ ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనూ ఇది పొయ్యెక్కదు.

లస్మవ్వ చిన్నోడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. వేలి కొసతో గటక తీసి వాడి నాలుక మీద రాసింది. వాడు చప్పరించి, మళ్ళీ నోరు తెరిచాడు.

"మీ అక్క పెట్టింది, తిను" అంది. "తిను మైసయ్యా."

గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. సుగుణ గోడవైపు తిరిగి కూర్చుంది. నాకు సంతోషం వేసింది, అబద్ధమెందుకు. కానీ అది మైసి గిన్నే, అంచున ఇంకా ఆ పళ్ళ గాట్లు ఉన్నాయి, వాటి మీదుగానే వాడు తిన్నాడు.

తిరిగి వచ్చి పుస్తకం తెరిచాను. కొత్త రకానికి కొత్త పేజీ. పై వరుసలో రెండు గడులు, ఆడ మొక్క ఏది, మగ మొక్క ఏది. అవి ఖాళీగా వదిలినందుకే ముసలాయన్ని పన్నెండేళ్ళు తిట్టాను. ఆ రోజు పసుపు ఏ సాలులో దులిపాడో ఓదెలును అడిగాను. మూడో అర, ఏడో సాలు అని చెప్పాడు, వాడికి బాగా గుర్తుంది. రూలు ప్రకారం అదే రాయాలి.

ఆడ: తెల్ల రకం, ముప్పై ఆరో పంట, రెండో సాలు.

మగ: మైసమ్మ, సుగుణ బిడ్డ. ఏడు పంటలు.